మానవశాస్త్ర శాఖలో మంద

మా విశ్వవిద్యాలయం ఒకే రోజున, ఒకే సమావేశంలో రెండు తీర్మానాలు చేసింది. మొదటిది: ఎం.ఏ. మానవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ చివరి సెమిస్టరంతా ఏదో ఒక సముదాయం మధ్య నివసించి, వాళ్ళ జీవితాన్ని దగ్గరగా చూసి, డిసర్టేషన్ సమర్పించాలి. రెండోది: ప్రతి విద్యార్థీ రోజూ ఉదయం పదింటికీ సాయంత్రం అయిదింటికీ క్యాంపస్‌లో యంత్రం మీద వేలు పెట్టి హాజరు వేయించుకోవాలి. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్ళకు డిగ్రీ లేదు. రెండు తీర్మానాలకూ నడుమ టీ, సమోసాలు వచ్చాయని, సమోసాల తర్వాత మొదటి తీర్మానం ఎవరికీ గుర్తులేదని మాకు తర్వాత తెలిసింది.

నిబంధనలు తప్పని చెప్పే ఇంట్లో నేను పుట్టలేదు. మా నాయన నాపరాళ్ళ ఫ్యాక్టరీలో రాళ్ళకు పాలిష్ పడతాడు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కణ్ణే. గిరిజన మ్యూజియంలో సహాయకుడి ఉద్యోగానికి నన్ను ఎంపిక చేశారు. వర్షాకాలం మొదలయ్యేలోగా ఎం.ఏ. పట్టా తెచ్చి చూపిస్తే చేరిపోవచ్చు. అందుకని నేను రెండు తీర్మానాలనూ పాటించాలనే నిశ్చయించుకున్నాను. ఎట్లా పాటించాలో తెలుసుకుందామని మా శాఖాధిపతి ప్రొఫెసర్ భానుమూర్తి గారి గదికి వెళ్ళాను.

మా శాఖలో అప్పటికి నలుగురు ప్రొఫెసర్లు, ఒక విద్యార్థి ఉన్నాం. మిగతా విద్యార్థులు కానిస్టేబుల్ సెలక్షన్లకు వెళ్ళిపోయారు. అందువల్ల నా సమస్యను శాఖ మొత్తం చాలా శ్రద్ధగా తీసుకుంది. భానుమూర్తి గారు నన్ను వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ గారి దగ్గరికి వెళ్ళారు.

"గొర్రెల కాపరుల మీద అధ్యయనం సార్. వీడు వాళ్ళతో పాటు ఊళ్ళు తిరగాలి. హాజరు నుంచి మినహాయింపు ఇప్పించాలి," అన్నారు.

రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "క్షేత్రం మన విశ్వవిద్యాలయ పరిధిలో ఉన్నదా?"

"లేదు సార్. బయట, బీళ్ళలో ఉంది."

"పరిధిలో లేనిచోట హాజరు తీసుకొనుటకు అధికారము లేదు. హాజరు లేనిచో విద్యార్థి లేడు. విద్యార్థియే లేనప్పుడు అట్టి క్షేత్రమున అధ్యయనము గావించుచున్నది ఎవరు?"

భానుమూర్తి గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"అయితే ఒక మార్గమున్నది," అన్నారు రిజిస్ట్రార్ గారు. "విద్యార్థి క్షేత్రమునకు పోవుట కుదరదు గనుక, క్షేత్రమే విద్యార్థి వద్దకు రావలెను."

మరునాడు ఉత్తర్వు వచ్చింది. దానికి 'విలోమ క్షేత్ర పద్ధతి' అని పేరు కూడా పెట్టారు. దేశంలో ఇదే మొదటిసారి అని భానుమూర్తి గారు స్థానిక పత్రికకు చెప్పారు. నిజమే అయి ఉంటుంది.

క్షేత్రాన్ని తీసుకురమ్మని నన్నే పంపారు. పట్నం అవతల బీడులో పెద్ద కాపరి బీరలింగప్ప, ఆయన భార్య హనుమక్క, ఇద్దరు తమ్ముళ్ళు గొర్రెలతో దిగి ఉన్నారు. బీరలింగప్ప చేతికర్ర మీద గడ్డం ఆనించి నేను చెప్పింది విన్నాడు.

"యూనివర్సిటీ వాళ్ళు మిమ్మల్ని రమ్మంటాండారన్నా," అన్నాను.

"యా చేను?"

"చేను కాదన్నా. చదువుకునే కాడ."

"ఎన్నెకరాలుంటాది?"

"నాలుగు నూర్లుంటాది."

ఆయన గడ్డం కర్ర మీంచి లేచింది. "ఒగటే చేనా?"

ఆయనేమనుకున్నాడో నాకర్థమైంది. ఆ వైపు రైతులు పైరు లేని రోజుల్లో గొర్రెల మందను పిలిపించి రాత్రుళ్ళు చేలో కట్టించుకుంటారు. పెంటికలు పడి నేల బలపడుతుంది. పిలిచిన రైతు కాపరులకు అన్నం పెట్టాలి. ఒకసారి చేలో దిగిన మంద ఆ చేను మొత్తం తిరిగేదాకా లేవదు. సగం చేను వదిలేసి పోవడం కాపరికి మాట పోయినంత పని. విశ్వవిద్యాలయం తన మట్టికి బలం కోసం పిలుస్తోందని ఆయన అనుకున్నాడు.

"గొర్రెలు వద్దంటన్నా, మీరు చాలంట," అన్నాను.

హనుమక్క పకపకా నవ్వింది. "మనుషుల్ని మంద కడ్తారా? మమ్మల్ని కడ్తే నేలకేం బలమొస్తాది అబ్బోడా?"

"మిమ్మల్ని చూస్తారంటక్కా."

"చూసి?"

"రాస్తారు."

"రాసి?"

ఆ తర్వాత సంగతి మాకు సిలబస్‌లో లేదు.

"గొర్రెల్ని ఇడ్సిపెట్టి మేమెట్లొస్తాము? వస్తే అందరం వస్తాము," అని బీరలింగప్ప తేల్చేశాడు. గొర్రెలు లేని కాపరిని చూస్తే శాస్త్రానికి కూడా ఏమీ తెలియదని నాకూ తోచింది. అందరం వచ్చాం.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "యాడికి ఇదంతా?"

"ఫీల్డ్‌వర్క్ సార్."

"ఫీల్డ్‌వర్క్ అయితే బయటికి పోవల్ల గదా? లోపలికి వస్తాండావేంది?"

ఉత్తర్వు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఒక పొట్టేలును పైనుంచి కిందికి చూసి, "ఫీల్డ్ అంటే ఇన్ని కొమ్ములుంటాయని నాకు తెల్దప్పా," అని గేటు తీశాడు.

రాత్రికి మంద పరిపాలనా భవనం ముందు పచ్చికలో కట్టారు. హాస్టల్ మెస్ వాళ్ళు సాంబారన్నం పంపారు. అన్నం వచ్చేసరికి బీరలింగప్ప మనసు కుదుటపడింది. పిలిచినవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళేనన్నాడు.

అసలు చిక్కు యంత్రం దగ్గర వచ్చింది. క్యాంపస్‌లో ఉండే ప్రతివాళ్ళూ యంత్రంలో నమోదు కావాలి. క్షేత్రం తరఫున ఒక బాధ్యుడు వేలు పెడితే చాలన్నారు గనుక బీరలింగప్పను కంప్యూటర్ కేంద్రానికి తీసుకుపోయాను. కానీ యంత్రంలో మనుషులు మూడే రకాలు: ఉద్యోగి, విద్యార్థి, అతిథి.

కంప్యూటర్ కేంద్రం డైరెక్టర్ ఫోన్లో రిజిస్ట్రార్ గారిని అడిగారు. రిజిస్ట్రార్ గారు ఆలోచించి సెలవిచ్చారు: "అతిథిగా నమోదు గావించినచో సాయంత్రమునకు పేరు తొలగిపోవును. ఉద్యోగిగా గావించినచో జీతమడుగును. విద్యార్థిగా నమోదు గావింపుడు. విద్యార్థికి మనము ఏమియు ఇవ్వనక్కరలేదు."

బీరలింగప్ప ఎం.ఏ. మానవశాస్త్రం చివరి సెమిస్టరులో చేరాడు. వేలు పెట్టగానే యంత్రం పచ్చగా వెలిగి ధన్యవాదాలు చెప్పింది. ఎప్పుడూ ఉన్ని సవరించే చేతులు. వేళ్ళు మెత్తగా, గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

తర్వాత నేను పెట్టాను. యంత్రం ఎర్రగా వెలిగి, మళ్ళీ ప్రయత్నించమంది. ప్యాంటుకు తుడుచుకుని పెట్టాను. మళ్ళీ ప్రయత్నించమంది. సెలవుల్లో నాయనతో పాటు నేనూ రాళ్ళకు పాలిష్ పట్టినవాణ్ణి. నాపరాయి నున్నబడేటప్పుడు పట్టినవాడి వేలు కూడా నున్నబడుతుంది. పది వేళ్ళూ పెట్టి చూశాం. పదింటి మీదా గీతలు లేవు.

"వేరే వేళ్ళున్నాయా?" అన్నారు డైరెక్టర్ గారు.

"లేవు సార్. నేను ఇక్కడే ఉన్నాను గదా, మీరు చూసి హాజరు వేసుకోకూడదా?"

"మనిషిని చూసి హాజరు వేయుట పాత పద్ధతి. అందులో పక్షపాతానికి అవకాశం ఉంది. రోజూ ప్రయత్నించు. పట్టుదల ముఖ్యం."

రోజూ ప్రయత్నించాను.

ఇక అధ్యయనం మొదలైంది. విశ్వవిద్యాలయ పనివేళలు పది నుంచి అయిదు గనుక క్షేత్రాన్ని కూడా పది నుంచి అయిదు దాకానే పరిశీలించాలని శాఖ నిర్ణయించింది. నేను పుస్తకం పట్టుకుని పదింటికి పచ్చికలోకి వెళ్ళేసరికి అక్కడ పెంటికలు తప్ప ఏమీ లేవు. కాపరులు తెల్లవారుతూనే మందను మేతకు తోలుకుపోయారు. సాయంత్రం అయిదు దాటాక వచ్చారు. ఆ వారమంతా అంతే.

శాఖ నుంచి క్షేత్రానికి మెమో వెళ్ళింది. దాన్ని నేనే చదివి వినిపించాను. "పనివేళలయందు క్షేత్రము క్షేత్రమున లేకుండుట గమనించడమైనది. ఇట్టి గైర్హాజరుపై వెంటనే సంజాయిషీ సమర్పించవలెను."

బీరలింగప్ప మా భానుమూర్తి గారి దగ్గరికే నేరుగా వచ్చి నిలబడ్డాడు. "సారూ, ఆకలి పదిగంటలకు అవుతాదా గొర్రెలకు? పొద్దున్నే అయితాది."

"నిజమే. కానీ మీ ఆచారాలను పదింటి నుంచి ప్రారంభిస్తే మాకు సౌలభ్యం."

"మా ఆచారమే ఆకలి సారూ."

భానుమూర్తి గారు ఆ మాటను వెంటనే రాసుకున్నారు. తర్వాత ఒక సదస్సులో చదివారు.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. తమ్ముళ్ళు మందను బయటికి తోలుకుపోతారు; బీరలింగప్ప, హనుమక్క, చిన్న గొర్రెపిల్లలు క్యాంపస్‌లోనే ఉంటారు. పదింటికి ఆయన వేలు పెట్టి, వేపచెట్టు కింద కూర్చుని, అయిదింటికి మళ్ళీ వేలు పెడతాడు. నడుమ నేను ప్రశ్నలు అడుగుతాను. అయిదు దాటాక వాళ్ళ పొయ్యి దగ్గరే తింటాను, వాళ్ళ గొంగడి మీదే పడుకుంటాను. హాజరు లేని విద్యార్థికి హాస్టల్ గది ఇవ్వరని అప్పటికి నాకు నోటీసు వచ్చింది.

మంద రోజుకొక మడి చొప్పున జరుగుతూ లైబ్రరీ ముందుకు, అక్కడి నుంచి మైదానానికి, మైదానం నుంచి వృక్షశాస్త్ర శాఖ వెనక్కి వెళ్ళింది. ఔషధ మొక్కల మీద పరిశోధన చేస్తున్న వృక్షశాస్త్ర ప్రొఫెసర్ ఏడుపు ముఖంతో మా శాఖకు వచ్చారు. ఆరేళ్ళ పరిశోధన పోయిందన్నారు. తిన్న గొర్రెలు ఆరోగ్యంగానే ఉన్నాయి కాబట్టి పరిశోధన ఫలితం వచ్చినట్టేనని భానుమూర్తి గారు ఆయన్ను ఓదార్చారు.

అంతలో విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం దిగింది. వాళ్ళకు క్షేత్రాన్ని చూపించారు. బృందం అధ్యక్షురాలు హనుమక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "విశ్వవిద్యాలయంతో మీ అనుబంధం మీ జీవితంలో ఎలాంటి పరివర్తన తెచ్చింది?" అని అడిగారు.

హనుమక్క నావైపు తిరిగింది. "ఏమంటాది ఈయమ్మ?"

"ఈడికొచ్చినాక ఏం మారిందని అడుగుతాంది."

"ఇడ్లీ తింటాండాం. గొర్రెలు పూలు తింటాండాయి. అంతకు మించి ఏం లేదమ్మా."

అధ్యక్షురాలి కళ్ళు చెమ్మగిల్లాయి. మా విశ్వవిద్యాలయానికి పై గ్రేడు వచ్చింది. ఒక్కటే షరతు: ఇలాంటి క్షేత్రం క్యాంపస్‌లో శాశ్వతంగా ఉండాలి. లేకపోతే గ్రేడు పోతుంది.

చివరి సెమిస్టరులో రాతపరీక్షలు ఉండవు. డిసర్టేషన్, దాని మీద మౌఖిక పరీక్ష, అంతే. నేను డిసర్టేషన్ పూర్తిచేసి, బైండు చేయించుకుని పరీక్షల విభాగానికి వెళ్ళాను. కిటికీలోంచి గుమాస్తా అడిగాడు. "పేరు?"

"మద్దిలేటి. ఎం.ఏ. మానవశాస్త్రం."

"ఆ క్లాసులో ఒకడే ఉన్నాడు. బీరలింగప్ప. హాజరు తొంభై మూడు. హాల్ టికెట్ తీసుకుపొమ్మను."

మళ్ళీ రిజిస్ట్రార్ గారి గది. ఈసారి నాతో భానుమూర్తి గారూ, కంప్యూటర్ కేంద్రం డైరెక్టరూ ఉన్నారు. బీరలింగప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మద్దిలేటి అను విద్యార్థి హాజరు సున్నా. అనగా ఇతడు క్యాంపస్‌లో లేడు," అన్నారు రిజిస్ట్రార్ గారు.

"నేను ఇక్కడే ఉన్నాను సార్. రోజూ ఉన్నాను."

"ఉన్నావు. అదియే చిక్కు. విద్యార్థివి కాకుండ ఇన్నాళ్ళు క్యాంపస్‌లో నివసించినచో నీవెవరవు? పోలీసులకు తెలుపవలసిన విషయమగుచున్నది."

భానుమూర్తి గారికి నేనంటే అభిమానం. ఆయన గొంతు సవరించుకుని నన్ను కాపాడారు. "సార్, వీడు క్షేత్రంలో భాగం. వాళ్ళతో తిన్నాడు, వాళ్ళ గొంగడి మీద పడుకున్నాడు, వాళ్ళ మందలో తిరిగాడు. మా శాస్త్రం ప్రకారం వీడు ఇప్పుడు సముదాయ సభ్యుడు."

రిజిస్ట్రార్ గారి ముఖం విప్పారింది. "అట్లయిన ఇబ్బంది లేదు. ఇతడు క్షేత్రము. మరి విద్యార్థి ఎవరు?"

అందరం తలుపు వైపు తిరిగాం.

"ఏంది సారూ?" అన్నాడు బీరలింగప్ప.

"నిబంధన ప్రకారము విద్యార్థి క్షేత్రముపై డిసర్టేషన్ సమర్పించవలెను. కావున బీరలింగప్ప, మద్దిలేటిపై సమర్పించవలెను."

"ఆయనకు రాయడం రాదు సార్," అన్నాను.

"మౌఖిక సంప్రదాయం!" అన్నారు భానుమూర్తి గారు, చేతులు రుద్దుకుంటూ. "ఆయన రాసి ఇస్తేనే అనుమానించాలి."

బయటికి వచ్చాక బీరలింగప్ప నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ గురించి చెప్పమంటాండారు, అంతేగదప్పా?"

"అంతే అన్నా."

"మంచిగా చెప్తే నీకు పట్టా ఇస్తారా?"

"తెల్దన్నా."

"చెప్తా పా. మంచోనివే గదా, అబద్ధం ఆడేపని గూడా లేదు."

మౌఖిక పరీక్షకు వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒక పరీక్షకుడు వచ్చారు. నన్ను గోడ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. క్షేత్రం మాట్లాడకూడదన్నారు. బీరలింగప్ప కొత్త తలపాగా చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మీ అధ్యయనాంశం?"

"ఈ పిల్లోడు సారూ."

"ఏం గమనించారు?"

బీరలింగప్ప నావైపు ఒకసారి చూసి మొదలుపెట్టాడు. "ఈ పిల్లోడు పొద్దున్నే మొగం కడుక్కోని ఆ మిషను కాడికి పోతాడు సారూ. యేలు పెడ్తాడు. అది ఎర్రగా చూస్తాది. ప్యాంటుకు తుడ్సుకోని మళ్ళ పెడ్తాడు. కాదంటాది. సాయంత్రం మళ్ళ పోతాడు. మొదట్లో మేం అది వీళ్ళ కులదేవరేమో అనుకుంటిమి. ఎంత మొక్కినా పలకని దేవర."

పరీక్షకుడు ముందుకు వంగారు. "అద్భుతం. ఆరాధనా కోణం. ఇంకా?"

"ఎవురు ఏం చెప్పినా చేస్తాడు. లేయమంటే లేస్తాడు, కూకోమంటే కూకుంటాడు. మా పొట్టేలన్నా ఒగోసారి తల ఎగరేస్తాది గానీ ఈడు ఎగరేయడు. వాళ్ళ నాయన ఫోన్ చేస్తే, 'అంతా బాగుండాది నాయనా, పట్టా వచ్చేస్తాది' అంటాడు. ఫోన్ పెట్టేసినాక గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకోని కూకుంటాడు. పలకడు. ఆ పొద్దు మా ఆడమనిషి ముద్ద చేసి పెట్టినా తినడు." ఆయన రెండు చేతులూ జోడించాడు. "పెద్ద సార్లు, మీకు దండం పెడ్తా. ఈ పిల్లోడు చదివినాడు. మా కండ్లతో మేం చూసినాం. ఈనికి పట్టా ఇచ్చి ఇంటికి పంపండి."

పరీక్షకుడు కళ్ళజోడు తుడుచుకున్నారు. నాకు ఆశ పుట్టింది.

"పరిశీలన, విశ్లేషణ, చివర సిఫార్సులు కూడా!" అన్నారాయన మెల్లగా. "ఈ రోజుల్లో సిఫార్సుల అధ్యాయం ఎవరూ ఇంత నిజాయితీగా చెప్పడం లేదు. భానుమూర్తి గారూ, ఈ విద్యార్థికి ఫస్ట్ క్లాస్ ఇవ్వకపోతే నేను సంతకం పెట్టను."

పట్టా వచ్చేసరికి తొలకరి పడింది. మంద క్యాంపస్ చివరి మడి కూడా తిరిగేసింది. నేల నల్లగా, మెత్తగా తయారైంది. కాపరులు సామాను కట్టుకుంటున్నారు. నేను చుట్టిన పట్టా తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను.

"వచ్చిందా!" అన్నాడు బీరలింగప్ప. "సంతోషం. జాగర్తగా పెట్టుకో."

"ఇది నీదన్నా."

"నాకెందుకప్పా? నువ్వే పెట్టుకో."

"నీ పేరుండాది."

"కొట్టేసి నీ పేరు రాసుకో."

"కుదరదంటన్నా."

ఆయన కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. తడవకుండా గొంగడి మడతలో పెట్టాడు. "అంత మంచిగా చెప్తిని గదప్పా," అన్నాడు. "యాడ తప్పు చెప్పింటి?"

"తప్పేం లేదన్నా. మరీ మంచిగా చెప్తివి."

మందను ఆపమని రిజిస్ట్రార్ గారు మనిషిని పంపారు. శాశ్వత క్షేత్రం పోతే గ్రేడు పోతుంది. చేను అయిపోయినాక మంద నిలవదని బీరలింగప్ప చెప్పి పంపాడు. "నువ్వు గూడా రా," అన్నాడు నాతో. నేను చెప్పులు వేసుకుంటుండగానే ఇంకో ఉత్తర్వు వచ్చింది. క్షేత్రంలో మిగిలిన ఏకైక సభ్యుడైన శ్రీ మద్దిలేటిని శాశ్వత క్షేత్రముగా నియమించడమైనది. నెల జీతం, వేపచెట్టు కింద ఒక రేకుల గది. క్షేత్రం విద్యార్థిగా మారుటకు నిబంధనలలో వీలు లేదు.

మ్యూజియం వాళ్ళు అప్పటికే వేరే మనిషిని తీసుకున్నారు గనుక చెప్పులు విప్పేశాను; మంద నేను లేకుండానే సాగిపోయింది. నాయనకు ఫోన్ చేశాను.

"ఉద్యోగమొచ్చింది నాయనా. యూనివర్సిటీలోనే."

"ఏం పని?"

"ఉండల్ల. అంతే."

"ఉండేదానికి జీతమిస్తారా!" అన్నాడు నాయన. "మరి నువ్వు సదివినావు గదా నాయనా, ఇస్తారు."

కొత్త విద్యా సంవత్సరంలో మా శాఖలో ఒక అమ్మాయి చేరింది. పేరు చౌడేశ్వరి. వాళ్ళ ఇంట్లో ఆమే మొదటిసారి ఇంత దూరం చదవడానికి వచ్చిందట. యంత్రం ఆమె వేలిని మొదటి ప్రయత్నంలోనే ఒప్పుకుంది. సరిగ్గా పదింటికి కలం, పుస్తకం పట్టుకుని నా గది ముందు కూర్చుంది.

"మీ సముదాయంలో ఎవరైనా పెద్ద చదువులు చదివారా అండీ?"

"ఒకాయన చదివినాడమ్మా. బీరలింగప్పన్న. ఎం.ఏ. ఫస్ట్ క్లాస్."

"ఇప్పుడు ఏ ఉద్యోగం చేస్తున్నారు?"

"గొర్రెలు కాస్తాండాడు."

ఆమె జాలిగా తల ఊపి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. పేజీ తిప్పింది.

"మరి మీరు చదువుకోలేదా?"

"లేదమ్మా," అన్నాను. "నేను యూనివర్సిటీలోనే ఉండిపోయినాను."